గొర్రెదా, మేకదా? అనంతపురంలో ఎముకల నమూనా పెట్టె తయారుచేసిన అనుభవం

పురావస్తు తవ్వకాల్లో దొరికే ఎముక ముక్కలు చాలావరకు అరచేతిలో సగం కూడా ఉండవు. వాటిని చూసి ఇది పశువుది, ఇది చిన్న జీవానిది అని చెప్పడం కొంచెం అలవాటైతే వస్తుంది. చిక్కంతా గొర్రె, మేకల దగ్గరే. రెండింటి అస్థిపంజరాలూ అంత దగ్గరగా ఉంటాయి కాబట్టి నివేదికల్లో చాలాసార్లు 'గొర్రె/మేక' అని ఒకే గడిలో వేసి ముందుకు పోతారు. రాయలసీమలో పనిచేసేవాళ్ళకు ఆ ఒక్క గడిలో చాలా విషయం పోతుంది. మేక ముందుకాళ్ళు ఎత్తి రేగుకంప, తుమ్మకంప ఆకు మేస్తుంది. గొర్రె తల దించి గడ్డి, కోత అయిపోయిన చేలో రాలింది మేస్తుంది. చేలల్లో ఎరువు కోసం రాత్రిళ్ళు మంద కట్టేది ఎక్కువగా గొర్రెలనే. కంబళికి ఉన్ను ఇచ్చేదీ గొర్రే. ఏది ఎంత ఉందో తెలిస్తే ఆ ఊరి చుట్టూ నేల ఎట్లా ఉండేదో, మనుషులు జీవాలను దేనికి పెంచారో మాట్లాడవచ్చు.

ఆ తేడా పట్టుకోవాలంటే పక్కన పెట్టి చూసుకోవడానికి జాతి, వయసు, ఆడో మగో ఖాయంగా తెలిసిన ఎముకలు కావాలి. పుణెలో డెక్కన్ కళాశాలలో అలాంటి సేకరణ ఉంది. దక్షిణాదిన పనిచేసే చాలామంది అక్కడికే వెళ్తారు. అయితే మన మందల్లో తిరిగే జీవాల ఎముకలు మన దగ్గరే ఉంటే తవ్విన సంచీ విప్పిన రోజే పోల్చుకోవచ్చు. అందుకే రెండు వేసవుల్లో ఆరు గొర్రెలు, ఆరు మేకల ఎముకలను అనంతపురంలోనే శుభ్రం చేసి పెట్టెలు కట్టాను. అది ఎట్లా చేశానో, ఎక్కడ చెడిందో రాస్తున్నాను.

ఈ పనికి ఇక్కడ పాత చరిత్రే ఉంది. పూర్వపు కర్నూలు జిల్లా బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలను 1883-84లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు తవ్వించారు. అక్కడ వచ్చిన ఎముకలను ప్రాచీన జీవుల శాస్త్రవేత్త రిచర్డ్ లిడెకర్ పరిశీలించి 1886లో ప్రకటించాడు. వాటిలో ఒక ఖడ్గమృగానికి కర్నూలు పేరే పెట్టాడు: రైనోసెరస్ కర్నూలియెన్సిస్. అనంతపురం జిల్లా పాలవాయిలో కొత్తరాతియుగపు బూడిదదిబ్బ ఉంది. అలాంటి దిబ్బలు పశువుల పేడ పోగుపడి పదేపదే కాలగా ఏర్పడినవని, పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వినప్పుడు కాలిన పొరల్లో పశువుల గిట్టల గుర్తులు కూడా కనిపించాయని ఈ రంగంలో ఉన్నవాళ్ళకు తెలుసు. దిబ్బ కథలో ఆవులు, ఎద్దులే ముందుంటాయి. వాటి పక్కన తిరిగిన చిన్న జీవాల లెక్క ఇంకా సరిగ్గా తేలాల్సి ఉంది.

పని ఎముకతో మొదలుపెట్టకూడదు. జీవం ప్రాణంతో ఉండగానే మొదలుపెట్టాలి. మాంసం కొట్టులో మిగిలిన ఎముకలు ఎన్ని తెచ్చుకున్నా అవి నమూనా కావు. వాటి వయసు ఎవరికీ తెలియదు. సంతలో కాకుండా మంద దగ్గరికే పోయి, పుట్టినప్పటి నుంచి ఆ జీవాన్ని చూసిన కాపరి దగ్గర కొనాలి. ఒక పుస్తకంలో వరసగా రాసుకున్నవి ఇవి: గొర్రా మేకా, ఆడా మగా, మగదైతే విత్తులు నొక్కించారా లేదా, ఎన్ని ఈతలు, ఎక్కడ మేసింది, ఏ నీళ్ళు తాగింది, బరువు, మూపు దగ్గర ఎత్తు, రంగు. రంగుకు కాపరుల మాటలే రాసుకోవాలి. నెల్లూరు గొర్రెల్లో తెల్లది పల్ల, మూతి, కళ్ళ దగ్గర నల్లమచ్చలున్నది జోడిపి, ఎర్రది దొర. కంబళి ఉన్ను ఇచ్చే నల్లగొర్రె వేరే జాతి. 'తెలుపు', 'గోధుమ' అని రాసుకుంటే జాతి సమాచారం పోతుంది.

వయసును నెలల్లో అడిగితే జవాబు తడబడుతుంది. పండగల్లో అడగాలి. "ఇది పోయిన దసరాకు పుట్టింది సార్, ఇంగా పాలపండ్లే" అని ఒక కాపరి చెప్పిన మాటలో రెండు ఆధారాలున్నాయి. ఒకటి పుట్టిన కాలం, రెండోది నోటి సాక్ష్యం. రెండూ పొసగకపోతే ఆ జీవాన్ని నమూనాకు తీసుకోకూడదు. పుస్తకంలో మొదట కాపరి చెప్పింది, దాని పక్కన నేను నోరు తెరిచి చూసింది వేర్వేరు గడుల్లో రాశాను. తర్వాత ఎప్పుడైనా అనుమానం వస్తే ఏది ఎవరి మాటో తెలియాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. చచ్చిన జీవం ఊరికే దొరుకుతుంది కదా అని తెచ్చుకోవద్దు. రాయలసీమలో దొమ్మ రోగం ఉంది. ఉన్నట్టుండి పడిపోయి, ముక్కు నుంచో వెనక నుంచో గడ్డకట్టని నల్లని నెత్తురు కారిన జీవాన్ని కత్తితో ముట్టుకోనే కూడదు. కోస్తే ఆ క్రిములు గాలి తగిలి గట్టి బీజాలుగా మారి మట్టిలో ఏళ్ళ తరబడి బతుకుతాయి, మనిషికీ సోకుతాయి. పశువైద్యునికి చెప్పి, కోయకుండా లోతైన గుంతలో సున్నం వేసి పూడ్పించాలి. చిటుకు రోగంతో కూడా జీవం హఠాత్తుగానే పోతుంది. చూసి ఇది అదీ కాదు, ఇదీ కాదు అని మనం తేల్చుకోలేం. ఈసుకుపోయిన (నెలలు నిండకుండానే పడిపోయిన) పిల్లలను, మాయను కూడా ఒట్టి చేతులతో ఎత్తకూడదు, బ్రుసెల్లోసిస్ అనే రోగం మనిషికి అట్లే అంటుకుంటుంది. అందుకని ఆరోగ్యంగా ఉన్న జీవాన్ని కొట్టులో కోయించుకోవడమే మంచిది.

కొట్టాయనతో మాట్లాడటం ఈ పనిలో సగం. ఎవరికైనా మటన్ కొట్టేటప్పుడు చింతమొద్దు మీద పెట్టి కత్తితో నరుకుతారు. మనకు ఒక్క ఎముకా తెగకూడదు. కీళ్ళ దగ్గర చిన్నకత్తితో విడదీసి, మాంసం ఒలిచి ఇమ్మని ముందే చెప్పుకోవాలి. మాంసం ఆయనకే వదిలేస్తే బేరం సులభమవుతుంది. తప్పకుండా చెప్పాల్సినవి మూడు. తలకాయను, కాళ్ళను కాల్చొద్దు, ఎందుకంటే వెంట్రుకలు పోవడానికి మంట పెట్టినప్పుడు గిట్టల పైనుండే ఎముక, దవడ అంచు నల్లబడి పగుళ్ళు తీస్తాయి. తవ్వకంలో కాలిన ఎముకను చదవడం నేర్చుకునేవాళ్ళకు ఆ మరక తప్పుదారి చూపిస్తుంది. కొమ్ములు కొట్టొద్దు, వారం నానితే పైతొడుగు దానంతట అదే జారి లోపలి కొమ్ము ఎముక బయటపడుతుంది. మెదడు కోసం పుర్రె పగలగొట్టొద్దు. మొదటి జీవానికి ఈ మూడో మాట చెప్పడం మరిచిపోయాను. దాని పుర్రె ఇప్పటికీ రెండు ముక్కలుగానే ఉంది.

కోసేటప్పుడు పక్కన నిలబడి కత్తి ఎక్కడ తగులుతోందో చూడటం దండగ కాదు. తోలు ఒలిచేటప్పుడు గిట్టల పైన ఎముక చుట్టూ సన్నని గీతలు పడతాయి, కీలు విడదీసేటప్పుడు జబ్బ ఎముక కింది కొసన, మడమ ఎముకల మీద పడతాయి, మాంసం ఒలిచేటప్పుడు గొట్టపు భాగం మీద పడతాయి. పాత ఎముకల మీద అవే గీతలు కనబడతాయి. ఈ పని రోజూ చేసే చేయి కదలిక చూసినవాళ్ళకు అవి ఎందుకు అక్కడే ఉన్నాయో వెంటనే అర్థమవుతుంది.

నీళ్ళలో వేసేముందు ప్రతి కాలినీ వేరే నైలాన్ వల సంచీలో కట్టాలి. ఉల్లిగడ్డల సంచీ రంధ్రాలు పెద్దవి, చిన్న ఎముకలు జారిపోతాయి. పాత దోమతెర ముక్క బాగా పనికొస్తుంది. ముందుకాలి మణికట్టులో ఒక్కోదానిలో ఆరు చిన్న ఎముకలుంటాయి. ఒక్కో పాదంలో గిట్ట వేళ్ళ ఎముకలు ఆరు, వాటి వెనక గింజల్లాంటివి మరో ఆరు. నాలుగు కాళ్ళూ కలిపితే ఆ గింజలే ఇరవై నాలుగు. కుడి, ఎడమ కలిసిపోతే మళ్ళీ విడదీయడానికి రోజులు పడుతుంది. సంచీలో వేసే చీటీ కూడా ముఖ్యమే. బాల్‌పెన్ రాత వారంలో పోతుంది. సన్నని అల్యూమినియం రేకు ముక్క మీద మేకుతో గుచ్చి నంబరు రాస్తే ఎన్ని నెలలు నానినా చెదరదు.

మాంసం ఊడదీయడానికి నీళ్ళలో నానబెట్టి కుళ్ళబెట్టడమే అన్నిటికంటే మంచి పద్ధతి. మూత ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ము, ఎముకలు మునిగేంత నీళ్ళు, అంతే. పని చేసేది నీళ్ళలోని బాక్టీరియా. వాటికి గోరువెచ్చని నీళ్ళు కావాలి. అనంతపురంలో ఏప్రిల్, మే నెలల్లో నీడలో పెట్టిన డ్రమ్ములో కూడా నీళ్ళు చల్లగా ఉండవు, కాబట్టి ఈ ఊరి ఎండ ఈ పనికి వరమే. వేసవిలో కాళ్ళు రెండు మూడు వారాల్లో, తలకాయ నాలుగు వారాల్లో వచ్చింది. చలికాలంలో అయితే రెట్టింపు పడుతుంది. నీళ్ళు మార్చేటప్పుడు మొత్తం పారబోయకూడదు. సగం తీసి సగం ఉంచితే లోపలి బాక్టీరియా మిగిలి పని ఆగదు. తీసిన నీళ్ళను ఇళ్ళకు, బావికి దూరంగా చెట్టు పాదులో పోసి పైన మట్టి కప్పాలి. ఏడాది లోపు పిల్ల అయితే వారానికే చూడాలి. దాని ఎముకల కొసలు ఇంకా అతుక్కుని ఉండవు, ఎక్కువ నానితే విడివడి, ఏ కొస దేనిదో తెలియకుండా పోతుంది.

తొందరపడి చేసేవి అన్నీ నష్టమే. ఉడకబెడితే మాంసం త్వరగా వస్తుంది కానీ కొవ్వు కరిగి ఎముక లోపలికి ఇంకుతుంది, లేత ఎముక వంకరపోతుంది. మట్టిలో పాతిపెడితే నెలలు పడుతుంది, చిన్న ఎముకలు పోతాయి, కుక్కలు తవ్వుతాయి, ఎర్రమట్టి రంగు అంటితే మళ్ళీ పోదు. బ్లీచింగ్ పౌడరు అన్నిటికంటే చెడ్డది. చూడటానికి తెల్లగా వస్తుంది, లోపల ఎముకను పట్టి ఉంచే కొల్లాజెన్‌ను తినేస్తుంది. ఏడాది తిరిగేసరికి పైపొర పొడిగా రాలుతుంది. బోరునీళ్ళు కూడా చూసి వాడుకోవాలి. గట్టినీళ్ళయితే ఆరిన ఎముక మీద తెల్లని సున్నపు పొర కడుతుంది, దాంతో సన్నని గీతలు మూసుకుపోతాయి. చివరి కడుగు వాననీళ్ళతో చేస్తే ఆ బాధ ఉండదు.

మాంసం పోయినా కొవ్వు ఉంటుంది. తొడ ఎముక తల, జబ్బ ఎముక పైకొస పసుపుగా, నూనె కాగితంలా మెరుస్తుంటే కొవ్వు ఉన్నట్టే. పది లీటర్ల నీళ్ళకు రెండు చెంచాల గిన్నెలు తోమే ద్రవం వేసి, నల్లరంగు పూసిన డ్రమ్ములో ఎండకు పెట్టాను. వారానికోసారి నీళ్ళు మారిస్తే నెల, నెలన్నరలో తేటపడింది. పెద్ద ఎముకల నడుమ సన్నని రంధ్రం వేస్తే మూలుగ త్వరగా బయటికి వస్తుంది. నేను ఎడమ ఎముకలకే రంధ్రం వేసి, కుడివైపువి కొలతల కోసం చెక్కుచెదరకుండా ఉంచాను. తర్వాత మందుల షాపులో దొరికే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో అంతే నీళ్ళు కలిపి, ప్లాస్టిక్ బకెట్టులో ఒక రోజు ముంచాలి. గ్యాస్ వస్తుంది కాబట్టి మూత బిగించకూడదు. ఆరబెట్టేది నీడలోనే. ఎండలో పెడితే పళ్ళ పింగాణీ టప్పున చీలుతుంది, దవడ పోయినట్టే.

ఇంక తేడాల సంగతి. వీటిని 1960ల్లో జర్మన్ పరిశోధకుడు బోస్నెక్, ఆయన తోటివాళ్ళు వరసగా రాశారు. ఆయన 1969 వ్యాసం ఇప్పటికీ ఈ పనికి మొదటి పాఠం. కొలతలకు ఫన్ డెన్ డ్రీష్ 1976లో ఇచ్చిన పద్ధతే అందరూ వాడతారు. వెర్నియర్ కాలిపర్‌తో మిల్లీమీటరులో పదో వంతు దాకా రాయాలి. పుర్రెలో అన్నిటికంటే సులభమైన గుర్తు కంటి ముందు గుంత. గొర్రెకు అక్కడ గ్రంథి ఉంటుంది కాబట్టి ఎముకలో గుంత పడుతుంది, మేకకు ఉండదు. నుదుటి ఎముకకూ దాని వెనకెముకకూ మధ్య అతుకు మేకలో దాదాపు తిన్నగా పోతుంది, గొర్రెలో కోణంగా విరుగుతుంది. మేక కొమ్ము ఎముకకు ముందు అంచు కత్తిలా పదునుగా ఉంటుంది. రెక్క ఎముక మెడ మేకలో సన్నగా, పొడుగ్గా ఉంటుంది, గొర్రెలో పొట్టిగా, దిట్టంగా ఉంటుంది. గిట్ట లోపలి చివరి ఎముక అరికాలు మేకలో ఇరుకు.

నేను అన్నిటికంటే నమ్ముకునేది ముందుకాలి గిట్టల పైన ఉండే పొడుగు ఎముక కింది కొస. అక్కడ బావి గిలకల్లాంటివి రెండు పక్కపక్కన ఉంటాయి. ఒక్కో గిలక నడుమ గట్టు ఉంటుంది. ఆ గట్టుకు బయటివైపు భాగం మేకలో గట్టు కంటే స్పష్టంగా చిన్నది. గొర్రెలో అంత తేడా ఉండదు. తవ్వకంలో ఈ కొస తరచుగా దక్కుతుంది కూడా. మొత్తం ఎముక దొరికితే మేకది పొట్టిగా వెడల్పుగా, గొర్రెది సన్నగా పొడుగ్గా ఉంటుంది. కానీ పొడుగును ఒక్కదాన్నే నమ్మకూడదు. నెల్లూరు గొర్రె కాళ్ళు చాలా పొడుగు, నల్లగొర్రెవి అంత కాదు. ఏ ఒక్క గుర్తుతోనూ తీర్పు ఇవ్వొద్దు. ఒకే ముక్క మీద రెండు గుర్తులైనా ఒకటే చెప్పాలి. లేదంటే 'గొర్రె/మేక' అనే రాయాలి. అప్పుడు ఆ గడి నిజాయితీ గలదే.

ఆడా మగా అన్నది తుంటి ఎముకలో తెలుస్తుంది. తొడ ఎముక తల కూర్చునే గుంత లోపలి అంచు మగదానిలో మందం, ఆడదానిలో పలచన. నొక్కించిన పోతుల్లో ఎముక కొసలు అతుక్కోవడం ఆలస్యమవుతుంది, వయసు తక్కువగా కనబడుతుంది. పుస్తకంలో ఆ గడి పెట్టుకోమన్నది అందుకే. మామూలుగా జబ్బ ఎముక కింది కొస పది నెలలకు, గిట్టల పై ఎముక కింది కొస ఏడాదిన్నర నుంచి రెండేళ్ళ పైచిలుకుకు, జబ్బ ఎముక పైకొస మూడేళ్ళు దాటాక అతుక్కుంటాయి.

వయసుకు నమ్మకమైన సాక్షి పళ్ళు. ఇందులో కాపరి, ప్రయోగశాల ఒకే మాట చెబుతారు. కింది దవడ ముందు ఎనిమిది పాలపండ్లు, పైన ముందువైపు పండ్లే లేవు, ఒట్టి చిగురు. ఏడాది నుంచి ఏడాదిన్నరకు నడుమ రెండు పెద్దపండ్లు వస్తే 'రెండు పండ్లది' అంటారు. తర్వాత నాలుగు, ఆరు. నాలుగేళ్ళు వచ్చేసరికి ఎనిమిది. చిక్కేమంటే ముందు పండ్లు సులువుగా ఊడిపోతాయి, తవ్వకంలో దొరకవు. దొరికేవి దవడ వెనకవైపు ఉండే నమిలే దంతాలు. మొదటిది మూడు నెలలు దాటాక, రెండోది ఏడాదిలోపు, మూడోది ఏడాదిన్నర నుంచి రెండేళ్ళకు వస్తాయి. ఆ పైన అరుగుదలను చూడాలి. తెల్లని పింగాణీ నడుమ గోధుమరంగు లోపొర ఎంత బయటపడిందో చూసి సెబాస్టియన్ పేన్ 1973లో వయసులను తొమ్మిది దశలుగా పెట్టాడు, రెండు నెలల లోపు నుంచి ఎనిమిది, పదేళ్ళ దాకా.

అనంతపురంలో ఈ లెక్కకు ఒక సవరణ కావాలి. ఇక్కడ చాలాచోట్ల భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. ఆ నీళ్ళు తాగి పెరిగిన జీవాల పళ్ళకు గోధుమ మచ్చలు పడి, పింగాణీ బలహీనమై త్వరగా అరుగుతుంది. దుమ్ముగడ్డి మేత దానికి తోడు. అరుగుదలను పట్టికతో పోలిస్తే దవడ అసలు వయసు కంటే పెద్దదిగా కనబడుతుంది. ఏ నీళ్ళు తాగిందో మొదటిరోజే రాసుకోకపోతే ఇది పట్టుబడదు.

పేన్ మరో మాట కూడా చెప్పాడు. మాంసానికి పెంచితే మగవి ఎదగ్గానే కోతకు పోతాయి, పాలకైతే మగపిల్లలు చాలా చిన్నప్పుడే పోతాయి, ఉన్నికైతే పెద్ద వయసువి మిగులుతాయి. ఇక్కడి కాపరులతో కూర్చుని మాట్లాడితే ఇంకోటి వస్తుంది: మంద. రాత్రి చేలో మంద కడితే రైతు డబ్బో గింజలో ఇస్తాడు. ఎరువు తలల లెక్కను బట్టి వస్తుంది కాబట్టి ముసలి గొర్రె కూడా పనికొచ్చేదే. వానలు పోయినప్పుడు మంద మేత వెతుక్కుంటూ దూరం పోతుంది, ఆ కాలపు ఎముకలు ఊరి దిబ్బలో పడవు. పంపకాలూ ఉన్నాయి. జాతరలో కోసిన జీవం తలకాయ ఒక ఇంటికి, తొడ ఒక ఇంటికి పోయే కట్టుబాటు ఉన్న ఊళ్ళున్నాయి. ఒక ఇంటి గుంతలో దవడలే ఎక్కువ దొరికితే అది జీవాల వయసు లెక్క కాదు, ఆ ఇంటి హక్కు లెక్క కావచ్చు. ఎముకను కొలిచేవాళ్ళు ఊరి కట్టుబాటు అడగకపోతే ఇది తెలిసే దారి లేదు.

కుక్కల సంగతి వేరే చూడాలి. నమీబియాలో మేక ఎముకల మీద సి.కె. బ్రెయిన్ అనే పరిశోధకుడు చూపించినట్టే, ఊరి దిబ్బ మీద వేసిన కాళ్ళలో జబ్బ ఎముక పైకొస, పిక్క ఎముక పైకొస మొదట పోతాయి. అవి మెత్తన, కొవ్వు ఎక్కువ. జబ్బ ఎముక కిందికొస, పిక్క ఎముక కిందికొస మిగులుతాయి. మూడేళ్ళ తర్వాత అతుక్కునే కొసలే కుక్కలు తినేవి కాబట్టి, దొరికిన కొసలతో మాత్రమే వయసు తేలిస్తే పెద్ద జీవాలు లెక్కలోకి రావు.

కర్నూలు, అనంతపురం చేలల్లో కృష్ణజింక తిరుగుతుంది. దాని ఎముకలు కూడా ఇదే పరిమాణం. చేలో దొరికిన కొమ్మో పుర్రో అయినా తీసుకోకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జంతువు అది. దానికోసం అనుమతి ఉన్న సంస్థల సేకరణకే పోవాలి. ముక్క మరీ చిన్నదై ఏ గుర్తూ లేకపోతే కొల్లాజెన్ పరీక్షతో గొర్రెనూ మేకనూ విడదీయవచ్చు. అందుకు కూడా ఎముకలో కొల్లాజెన్ మిగిలి ఉండాలి.

పన్నెండు జీవాలనూ ఇనుప ట్రంకు పెట్టెల్లో, ఒక్కోదాన్ని వేరే గుడ్డసంచీలో, ఎలుకలకు, పురుగుకు అందకుండా పెట్టాను. ప్రతి ఎముక మీదా నంబరు నల్లసిరాతో రాసి పైన పారాలాయిడ్ అనే పారదర్శకమైన రెసిన్ పూత వేశాను. పెట్టెలో ఇంకా ఖాళీగా ఉన్నది ఆరేళ్ళు దాటిన ఆడగొర్రె. ఈత తగ్గగానే కాపరులు సంతకు తోలేస్తారు. అక్కడికి పోయాక దాని పుట్టుక ఎవరికీ గుర్తుండదు. అందుకే ఇప్పుడు రెండు మందల్లో నాలుగైదు ఆడపిల్లల చెవులకు పోగులు వేయించి పుట్టిన వారం రాసుకున్నాను. అవి ముసలివయ్యేదాకా ఆగాలి.